నేలను అడిగే గుప్పెడు జొన్నలు

మా పక్కింటి మామ పోయాడని వరోరా నుంచి ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నా రెండు చేతులూ తవుడులో ఉన్నాయి. కోళ్ళకు పొద్దుటి మేత కలుపుతున్నాను. ఫోన్ ఎత్తింది మా అత్తమ్మ. అటువైపు మాట విని, పెరట్లోకి వచ్చి, ముసలాయన తెల్లవారుజామున పోయాడట అని చెప్పి, తన మంచం మీద కూర్చుంది. నేను కలపడం ఆపలేదు. తడిపిన తవుడు ఎండెక్కితే పులుస్తుంది, పులిస్తే పారబోయాలి, పారబోస్తే ఖర్చు. ఇదంతా నాకు నేర్పిన మనిషి ఆ పొద్దున లేడు. మేత తొట్టిలో పోసి, చేతులు కడుక్కుని, అప్పుడు ఏడ్చాను.

ఆయన మాకు చుట్టం కాదు. మాది మహారాష్ట్రలో బల్లార్‌పూర్ పక్కన బామ్ని. రెండిళ్ళ పెరళ్ళకు మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. వాడలో మరాఠీ వాళ్ళు ఆయనను కాకా అనేవారు, నేను మామా అనేదాన్ని. భార్య ఎప్పుడో పోయింది. ఒక్కతే కూతురు, వరోరాలో కాపురం. ఆయన బొగ్గు గనిలో, భూమి కింద పని చేసి రిటైరయ్యాడు. పన్నెండేళ్ళ పాటు ఆయన పక్కన ఉండి కోళ్ళు పెంచాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఆయనకు ఆ రెండూ తారుమారు. మేం ఇక్కడ బళ్ళో చదివింది మరాఠీ. మా అమ్మ ఇంట్లో దిద్దించిన తెలుగుతో ఇది రాస్తున్నాను, తప్పులుంటే ఆయన ముఖం చూసి క్షమించండి.

మొదట్లో పన్నెండు కోళ్ళు తెచ్చుకుని, బల్లార్‌పూర్ దుకాణంలో దాణా బస్తా కొన్నాను. కోళ్ళు అరిస్తే చాలు, దోసిలి నిండా పోసేదాన్ని. బస్తా చూస్తుండగానే ఖాళీ అయ్యేది, గుడ్లు మాత్రం కనపడేవి కావు. మామ వారం రోజులు గోడ మీద మోచేతులు పెట్టుకుని నా సంబరం చూశాడు. ఎనిమిదో రోజు గోడ దాటి వచ్చి, ఒక పెట్టను చంకలో ఇరికించుకుని దాని పొట్ట నొక్కాడు. లోపలంతా కొవ్వేనన్నాడు.

"గీమెను అల్లున్ని సూసుకున్నట్టు సూసుకుంటున్నవ్ బిడ్డా. గుడ్డెందుకు పెడ్తది?"

ఆ రోజు నుంచి నా పెరట్లో ఆయన బడి మొదలైంది. దాణా సగానికి తగ్గించాం. మిగతా సగం మిల్లు నూకలు, తవుడు, మునగాకు. తవుడు కొనేముందు గుప్పిట్లో పట్టి వాసన చూడాలి, చేదు వాసన వస్తే ఊరికే ఇచ్చినా తేకూడదు. మేత నేల మీద చల్లకూడదు. ప్లాస్టిక్ పైపును నిలువుగా చీల్చి, కోడి వీపెత్తున కట్టి, అందులో పోయాలి. అప్పుడు కాళ్ళతో చిమ్మి పాడుచేయవు. గుడ్డు పెంకులు వేయించి నలిపి పెట్టాలి. కోడిపిల్లల కోసం ఆయన పాత కుండలో తడి గడ్డి, పేడ కుక్కి, చెదలున్న చోట బోర్లించేవాడు. రెండు రోజులకు ఎత్తితే కుండ నిండా చెదలు, పైసా ఖర్చులేని మాంసం. పొద్దుగూకేటప్పుడు గూట్లోకి వెళ్ళే ప్రతి కోడినీ ఆపి, మెడ కింద మేత సంచిని రెండు వేళ్ళతో తడిమేవాడు. నిండుగా మెత్తగా ఉంటే సరే. బిర్రుగా ఉంటే మర్నాడు నేను పోసే మేతకు కోత పడేది. "కోడి కడుపు నింపకు, దాని పొద్దు నింపు" అనేవాడు. పొద్దంతా తిరిగి, గీరి, వెతుక్కుని తినే పని దానికి ఉండాలని ఆయన ఉద్దేశం.

ఒకసారి చవగ్గా దొరికిందని నేను మొక్కజొన్న బస్తా తెచ్చాను. అడుగున బూజు కనపడింది. ఎండబెట్టి వాడుకుందామని నేను వాదిస్తుంటే, ఆయన మాట్లాడకుండా గుంత తవ్వి మొత్తం బస్తాను పూడ్చేశాడు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అలాంటి బూజు మక్కలే పెట్టిన ఇంకొకరి ఇంట్లో కోళ్ళు వరసగా పడిపోయాయని తెలిశాక, చాయ్ తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. ఆయన చాయ్ తాగి, గ్లాసు ఇచ్చి, వానలు ఎప్పుడొస్తాయో అన్నాడు. బూజు సంగతి ఆ రోజే కాదు, ఏ రోజూ ఎత్తలేదు.

గుడ్లు పెట్టడం మానేసిన కోడిని కోసినప్పుడు కందనకాయను మాత్రం తానే చీల్చేవాడు. కోళ్ళు మేత అరగడానికి మింగిన చిన్నచిన్న రాళ్ళు అందులో ఉంటాయి కదా. మా కోళ్ళ కందనకాయల్లో తెల్లరాళ్ళతో పాటు బొగ్గు పలుకులు కూడా ఉండేవి, అరిగి అరిగి నల్లపూసల్లా మెరుస్తూ. వాటిని అరచేతిలో వేసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసేవాడు. మనకంటే ముందు వీటికి తెలుస్తదని గొణుక్కునేవాడు. ఏం తెలుస్తదో చెప్పేవాడు కాదు. మధ్యాహ్నం దూరంగా, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుడు పెట్టే రోజుల్లో, చప్పుడు మాకు వినపడకముందే కోళ్ళన్నీ ఒక్కసారి తలలెత్తి ఒకే దిక్కుకు తిరిగేవి. ఆయన కూడా తినడం ఆపి, వాటితో పాటు ఆ దిక్కుకే చూసేవాడు.

ఇంత పొదుపు మనిషి ఒక్క పని ఎందుకు చేసేవాడో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. రోజూ పొద్దున, తొట్టిలో మేత పోయకముందు, కోళ్ళు ఆకలి మీద ఉన్నప్పుడే గుప్పెడు జొన్నలు తీసుకుని తన పెరడంతా పలచగా చల్లేవాడు. తర్వాత గోడ దాటి వచ్చి మా పెరట్లో ఇంకో గుప్పెడు చల్లేవాడు. చల్లి, చేతికర్ర మీద గడ్డం ఆనించి నిల్చునేవాడు. కోళ్ళు ఏరుకునే చోటును కాదు, ఇంకా ఏరుకోని చోటును చూసేవాడు. నేల మీద చల్లొద్దని నాకు చెప్పి నువ్వే చల్లుతున్నావేంటని ఓ రోజు ఎకసెక్కెం చేశాను.

"గది మేత గాదు బిడ్డా. అడుగుడు."

ఎవరిని అడగడం అన్నాను. ఆయన కర్రతో నేలను రెండుసార్లు తట్టాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

గనిలో ఆయన పని ఏమిటో నాకు మెల్లమెల్లగా తెలిసింది. బొగ్గు తవ్వేవాళ్ళు లోపలికి వెళ్ళకముందే ఈయన వెళ్ళి, పొడుగాటి ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి వినాలి. ఖణేల్‌మంటే గట్టిది, డొల్లగా మోగితే బోలు. ఆయన సరే అంటేనే మిగతావాళ్ళు అడుగు పెట్టేది. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడను తట్టేవాడు, నీళ్ళ కుండను తట్టేవాడు, మా ఇంటికి వస్తే గడపను తట్టి గానీ కాలు లోపల పెట్టేవాడు కాదు. మా అత్తమ్మకు అది అపశకునం. ఆయన వెళ్ళాక గడప మీద నీళ్ళు చల్లేది. ఆ పాత గని ఎప్పుడో మూతపడింది. దాని దారులు ఎటు పోతాయో పైన ఇళ్ళు కట్టుకున్న మాకెవ్వరికీ తెలియదు. తనకు తెలుసుగానీ అది చీకట్లో నడిచిన దారి, పైన ఎండలో పోల్చుకోలేనని మామ అనేవాడు.

నాలుగేళ్ళ కింద, వానలకు ముందు, ఒక పొద్దున ఆయన నన్ను పిలిచాడు. జొన్నలు చల్లి చాలా సేపయింది. మా పెరట్లో కోళ్ళు అన్నీ ఏరుకుని పోయాయి, ఒక్క చోట తప్ప. వెనక గది గోడ నుంచి ఆయన పెరటి దాకా, మంచం వెడల్పున ఒక పట్టీ మీద జొన్నలు చల్లినవి చల్లినట్టే ఉన్నాయి. ఒక పుంజు ఆ పట్టీ అంచు దాకా ఏరుకుంటూ వచ్చి, మెడ చాచి, అక్కడి గింజను చూసి, వెనక్కి తిరిగిపోయింది. గింజలు చెడ్డాయేమోనని నేను అవే తీసి ఇటువైపు వేశాను. తినేశాయి. మళ్ళీ అక్కడ వేశాను. ముట్టలేదు. కళ్ళారా చూసినా ఒప్పుకోవడం ఇష్టం లేక, ఆకలి తీరిందేమో అన్నాను. ఆయన వినిపించుకోలేదు. పట్టీకి రెండువైపులా మేకులు కొట్టి నులక తాడు కట్టాడు. ఆ తాడు లోపలే మా స్నానాల గది ఉంది. చలికాలం అత్తమ్మ ఎండకు కూర్చునే చోటూ అదే. రెండూ వదిలేయమన్నాడు.

ఇంట్లో పెద్ద గొడవయింది. కోళ్ళు చెప్పాయని స్నానాల గది వదులుకుంటామా అని మా ఆయన. అత్తమ్మయితే నా ఎండ పోగొట్టాడని మామ కనపడినప్పుడల్లా శాపనార్థాలు. నేను మామ పక్షాన నిలబడ్డాను. భయపడి కాదు, బూజు పట్టిన మక్కలు గుర్తొచ్చి. స్నానాలు ఇంటి ముందువైపుకు మార్చాం. ఆ వానాకాలంలోనే, ఒక మధ్యాహ్నం వెనకవైపు ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే స్నానాల గది బండ మోకాలి లోతుకు దిగిపోయి ఉంది. మట్టి చెదరలేదు, బండ పగల్లేదు. బండ మీద నేను మరిచిపోయిన సబ్బు కూడా పెట్టిన చోటే ఉంది. తర్వాత గని కంపెనీ మనుషులు వచ్చి బూడిద, మొరం పోసి పూడ్చి వెళ్ళారు. తాడు మాత్రం మామ విప్పనివ్వలేదు.

ఆ వానలకు, కోళ్ళు తినకుండా వదిలేసిన జొన్నలు మొలిచాయి. వెనక గది నుంచి తిన్నగా వరస. గోడ దగ్గర పక్కకు మలుపు తిరిగి ఆయన పెరట్లోకి పోయింది. మోకాలెత్తు పెరిగి, పచ్చబడకుండానే తెల్లబారి, నిలబడ్డవి నిలబడ్డట్టే ఎండిపోయాయి. మేకలు కూడా నోరు పెట్టలేదు. మామ ఆ వరసను మొదటి నుంచీ కళ్ళతో వెంబడించి, మలుపు దగ్గర ఆగాడు. గని దారిలోని ఆ మలుపును ఆయన గుర్తుపట్టాడని ముఖం చూస్తేనే తెలిసిపోయింది. అప్పుడు ఆయన చెప్పిన సంగతి నేను ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి మీకే చెబుతున్నాను.

"గా మూలకాడ నేను కొట్టి సూసిన. మంచిగనే మోగింది. పో అన్న. వాడు పోయిండు."

వాడంటే ఆయన జోడీగాడు, ఒకే ఊరి నుంచి కలిసి పనికి వచ్చినవాడు. పైకప్పు వాడి మీద పడింది. మనిషిని బయటికి తెచ్చారు, అన్నం డబ్బా లోపలే ఉండిపోయింది. మామ ఆ డబ్బా గురించి మాట్లాడినంత సేపు మనిషి గురించి మాట్లాడలేదు. ఆ రోజు నుంచి తన చెవిని తాను నమ్మలేదట. రిటైరయ్యాక కోళ్ళను తెచ్చుకుంది గుడ్ల కోసం కాదట. కోడికి ఎవరినీ సంతోషపెట్టాల్సిన పని లేదు, గింజ తింటుంది లేదా మానేస్తుంది, దానికి రెండే మాటలు అన్నాడు. వాడు ఇంకా అక్కడ ఉన్నాడనుకుంటున్నావా మామా అని అడిగాను. ఆయన చేతికర్ర కొనతో ఒక తెల్లటి దంటును తట్టాడు.

"తెల్వదు బిడ్డా. తెల్వనప్పుడు తెల్వదనాలె. గా దినం నేను గదొక్క మాట అనకపోతి."

పోయిన దసరా తర్వాత ఆయనకు ఆయాసం ముదిరింది. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని చంద్రపూర్‌లో డాక్టర్లు చెప్పారు. కూతురు వచ్చి వరోరా తీసుకుపోయింది. ఆటో ఎక్కే ముందు తన ఏడు కోళ్ళనూ, డబ్బా నిండా జొన్నలనూ నాకు అప్పగించాడు. మేత గురించి ఒక్క మాట చెప్పలేదు. అది నాకు వచ్చని ఆయనకు తెలుసు. పొద్దుటి గుప్పెడు మాత్రం మానొద్దన్నాడు.

మొదటి పది రోజులు చల్లాను. కోళ్ళు ఎప్పట్లాగే తాడు లోపలి గింజలను వదిలేసేవి. తర్వాత చలి మొదలైంది, మా ఆయనకు షిఫ్టు మారింది, రెండిళ్ళ కోళ్ళనూ ఒక్కదాన్నే చూసుకోవాల్సి వచ్చింది. ఎలాగూ తినని గింజలు రోజూ నేలపాలు చేయడానికి మనసొప్పలేదు. ఆయన నేర్పిన పొదుపే ఆయన మాటకు అడ్డొచ్చింది. ఆ జొన్నలు కూడా నానబెట్టి, మొలకెత్తించి, తొట్టిలో పోశాను. గుడ్లు పెరిగాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. ఊపిరి అందక మాట మధ్యలో తెగిపోయేది. మందుల గురించి అడిగితే పక్కకు నెట్టేసి, తాడు లోపల తిన్నాయా అని అదొక్కటే అడిగేవాడు. లేదు మామా, ఎప్పట్లాగే వదిలేశాయి అనేదాన్ని. రోజూ అదే అబద్ధం. చెప్పగా చెప్పగా నాకే అది నిజంలా అలవాటైపోయింది. చివరి ఫోన్ ఆయన పోవడానికి రెండు రోజుల ముందు వచ్చింది. ఆ రోజు నా జవాబు విని ఊరుకోలేదు.

"నువ్వు సూసినవా బిడ్డా, ఊకెనే అంటున్నవా?"

చూశానన్నాను. మంచిదన్నాడు. ఆ ఒక్క మాట ఎంతో నెమ్మదిగా, ఎంతో నిమ్మళంగా అన్నాడు.

వరోరాలో దహనం అయ్యాక తిరిగి వచ్చాం. మర్నాడు పొద్దున నేను చేసిన మొదటి పని, దుకాణం తెరిపించి జొన్నలు తెచ్చి పెరడంతా చల్లడం. కోళ్ళు ఏరుకుంటూ వచ్చాయి. తాడు దగ్గర ఆగలేదు. కింద నుంచి దూరి, నాలుగేళ్ళుగా ముట్టని నేల మీద గింజ గింజా ఏరుకుని తిన్నాయి. అన్నిటికంటే ముందు దూరింది ఆయన కోళ్ళే. ఇది ఇవాళ మారిందా, నెల కింద మారిందా? ఆయన ఊపిరి బిగబట్టి ఫోన్లో అడిగిన రోజుల్లో ఏ రోజున మారింది? ఆ రోజు నిజం విని ఉంటే ఆయన ఏం చేయమనేవాడు? చెప్పగలిగిన మనిషిని నిన్ననే కాల్చి వచ్చాం.

అత్తమ్మకు మాత్రం ఏ సందేహమూ లేదు. ముసలాయనతో పాటే ఆ భయమూ పోయింది, ఇక నా చోటు నాకు ఇవ్వమంది. మా ఆయన తాడు విప్పేశాడు. నేను అడ్డు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, కింద ఎదురుచూస్తున్నవాడి దగ్గరికి మామ చేరుకున్నాడని, ఇద్దరి మధ్యా మాట తీరిపోయిందని, అందుకే నేల నెమ్మదించిందని నాకూ అనుకోవాలనిపించింది. అలా అనుకుంటే నా అబద్ధం కూడా కొంచెం తేలికయ్యేది. ఆ రోజంతా అలాగే అనుకున్నాను.

తర్వాతి పొద్దున మా పెరట్లోకి నది వైపు నుంచి పొగమంచు వచ్చింది. సూర్యుడు ఇంకా రాలేదు. తొట్టిలో మేత పోశాను. ఒక్క కోడీ రాలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే అన్నీ ఆ పట్టీ మీదే ఉన్నాయి. మండుటెండలో దుమ్ములో పొర్లేటప్పుడు చేసినట్టు, రెక్కలు పరుచుకుని, ఒక పక్కకు ఒరిగి, కళ్ళు మూసుకుని ఉన్నాయి. గూడు నుంచి బయటికి వస్తే వణికేంత చలి అది. వాటి నడుమ మా అత్తమ్మ శాలువా పక్కన పెట్టి, చెప్పులు విప్పి, కాళ్ళు బారజాపి కూర్చుంది.

"ఇటు రా. నేల ఎంత ఎచ్చగున్నదో సూడు."

నేను వంగి అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. పడుకున్న మనిషి వీపు మీద చెయ్యి వేసినట్టుంది. ఇది మంచికో చెడుకో నాకు తెలియలేదు. తెలియక, గోడ వైపు తిరిగి, అలవాటు కొద్దీ మామా అని పిలిచాను. పిలిచాక గానీ గుర్తు రాలేదు.

అత్తమ్మ తిడుతున్నా వినకుండా చంకల కింద చేతులు వేసి లేపి, వీధి అరుగు మీద కూర్చోబెట్టాను. మా ఆయన ఆటో కోసం పరుగెత్తాడు. ఇప్పుడు మేమంతా రాజురాలో మా అన్న ఇంట్లో ఉన్నాం. పంచాయతీలో చెప్పాం, పాత గనిలో మిగిలిన బొగ్గు అంటుకుని ఉండొచ్చన్నారు, ఎవరో వచ్చి చూస్తారట. ఎప్పటి నుంచి ఇలా ఉందని వాళ్ళు అడిగారు. మూడు నెలలుగా నేను చూడలేదు, నాకు తెలియదు అన్నాను. ఆ మాట నేను ఆయనతో అనాల్సింది.

ఆ పొద్దున ఆటో వచ్చేలోగా కోళ్ళను గంపలకెత్తుదామని మళ్ళీ వెనక్కి వెళ్ళాను. దగ్గరికి పోకుండా, మేత తొట్టిని గరిటెతో కొట్టాను. నానిన జొన్నలు దోసిట్లో పట్టి చూపించాను. ఒక్కటీ లేవలేదు. ఆయన బూడిదరంగు పెట్ట ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. మళ్ళీ మూసుకుని, పొట్టతో మట్టిని అటూ ఇటూ తోసి, ఇంకాస్త లోపలికి ఒదిగింది. పరిచిన దాని రెక్క కింద నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది.